ఆ రోజు అక్కడ లేని మనిషి గీసిన బొమ్మ

పోయిన నెల ఇదే పేజీలో ఒక మాట అన్నాను, యుద్ధం బొమ్మ వేయాలంటే ముందు ఆ నేల మీద ఒక పూట కూర్చుని రావాలి అని. అని మర్చిపోయాను. మీరు మర్చిపోలేదు. ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ కలిపి ఈసారి సంచీ నిండింది, అందులో సగం తిట్లే. మిగతా సగంలోంచి ఐదు తీసుకున్నాను. పేర్లు వద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి అందరి పేర్లూ తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మాష్టారూ, నేను శ్రీకాకుళంలో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి ఆస్ట్రేలియాలో ఉంటే వెళ్లి మూడు నెలలు ఉండి వచ్చాం. కాన్‌బెర్రాలో వాళ్ల యుద్ధ స్మారకం చూడ్డానికి తీసుకెళ్లాడు. అక్కడ గోడంత బొమ్మ ఒకటుంది, కొండా, ఆ కొండ ఎక్కుతున్న సైనికులూ. గలిపోలిలో దిగిన రోజు అన్నారు. వేసినాయన జార్జ్ లాంబర్ట్. తీరా చూస్తే ఆ రోజు ఆయన అక్కడ లేడట, నాలుగేళ్ల తర్వాత వెళ్లి చూసొచ్చి వేశాడట. మరి అది చరిత్ర ఎలా అవుతుంది? కళ్లతో చూసినవాడి సాక్ష్యమే సాక్ష్యం అని ముప్పై ఏళ్లు పిల్లలకి చెప్పినదాన్ని. (రిటైర్డ్ టీచరు, శ్రీకాకుళం)

జవాబు: అమ్మా, ముందు ఒక్కటి అడుగుతాను. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు ఏం చూశారంటారు?

మొదటి ప్రపంచ యుద్ధం, 1915 ఏప్రిల్ 25, తెల్లవారుజామున నాలుగున్నర. ఇంకా చీకటి. మొదటి జట్టులో పదిహేను వందల మంది ఆస్ట్రేలియా సైనికుల్ని పడవల్లో కుక్కి తెచ్చి, టర్కీలో గలిపోలి ద్వీపకల్పం ఒడ్డున దింపారు. అక్కడ ఇసుక అంటే మన బీచిల్లా కాదు, పది అంగలు వేస్తే అయిపోతుంది. ఆ వెంటనే ముళ్లపొదలతో నిటారుగా కొండ. పైనుంచి తుపాకులు. వీపు మీద మూట, చేతిలో తుపాకీ, నీళ్లలో నానిన బట్టలు, ఆ స్థితిలో ఎక్కుతున్న మనిషికి ముందువాడి బూటు మడమ తప్ప ఇంకేమైనా కనబడిందంటే నేను నమ్మను. రాత్రయ్యేసరికి 16 వేల మంది దాకా దిగారు, అందులో రెండు వేల మందికి పైగా అప్పటికే చచ్చిపోయారు లేదా గాయపడ్డారు. ఇస్తాంబుల్‌కి సముద్రదారి తెరవాలని బ్రిటిష్‌వాళ్లు, ఫ్రెంచివాళ్లు వేసిన ఎత్తుగడ అది. పారలేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పటాలాలు ఎనిమిది నెలలు ఆ కొండల్లోనే ఇరుక్కుపోయి, డిసెంబరులో కొన్ని రాత్రుల్లో చప్పుడు కాకుండా పడవలెక్కి వచ్చేశాయి.

యుద్ధం జరుగుతుండగా అక్కడ బొమ్మలు గీసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. న్యూజిలాండ్ పటాలంలో హొరేస్ మూర్-జోన్స్ అని ఒకాయన, కొండల వరసలని వాటర్ కలర్‌లో గీసి ఆఫీసర్లకి ఇచ్చేవాడు, ఎందుకంటే వాళ్ల దగ్గరున్న మ్యాపులు ఆ మెట్టపల్లాలకి సరిపోయేవి కావు. అంటే చూడండి, అక్కడే ఉన్న మనిషి కూడా గీసింది కొండనే. తుపాకీ పేలుతుంటే యుద్ధాన్ని కూర్చుని గీసే తీరిక ఎవరికుంటుంది?

ఇక లాంబర్ట్. 1873లో రష్యాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు, చిన్నప్పుడే ఆస్ట్రేలియా చేరాడు, లండన్‌లో పెద్దవాళ్ల పోర్ట్రెయిట్లు వేసి పేరు తెచ్చుకున్నాడు. ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆయన్ని అధికార యుద్ధ చిత్రకారుడిగా పెట్టుకుని 1918లో పాలస్తీనా పంపింది. యుద్ధం ముగిశాక, 1919 ఫిబ్రవరిలో, చార్ల్స్ బీన్ అనే ఆయన గలిపోలికి ఒక చిన్న బృందాన్ని తీసుకెళుతూ లాంబర్ట్‌ని కూడా వెంటబెట్టుకెళ్లాడు. ఈ బీన్ ఎవరనుకున్నారు, ఏప్రిల్ 25 పొద్దున్నే అదే ఒడ్డున దిగిన విలేకరి. తర్వాత ఆస్ట్రేలియా వాళ్ల యుద్ధ చరిత్ర రాసింది ఆయనే. అంటే మీరడిగే సాక్షి లాంబర్ట్ పక్కనే నడుస్తున్నాడు. అది చాలక, అవతలి పక్షాన పోరాడిన జెకీ బే అనే టర్కీ అధికారి కూడా వచ్చి, మేం ఇక్కడున్నాం, మీవాళ్లు అక్కడిదాకా వచ్చారు అని చోటు చోటుకీ తిప్పి చూపించాడు. శత్రువు పక్కన నిలబడి చెబుతుంటే రాసుకున్న చరిత్ర అది. పాఠం చెప్పిన మనిషి మీరు, ఇలాంటి అవకాశం చరిత్రకారులకి ఎంత అరుదో నేను చెప్పక్కర్లేదు.

ఇంతవరకూ ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. నేను చెప్పాలనుకున్నది వెలుతురు గురించి.

పడవలు ఒడ్డుకి చేరిన ఆ వేళకే తను కొండ దగ్గరుండాలని లాంబర్ట్ పట్టుబట్టాడు. చలిలో, చీకట్లో లేచి రంగుల పెట్టె మోసుకుని వెళ్లాడు. ఎందుకంత పంతం? దీనికి మీరొక పని చేయండి. మీకు దగ్గరే కాబట్టి కళింగపట్నం వెళ్లి, లైట్‌హౌస్ దగ్గర సూర్యుడు రాకముందే నిలబడండి. నేను చాలాసార్లు నిలబడ్డాను. సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు, ఎరుపు ముందు నీళ్ల మీద పడి, తర్వాత వలలు లాగే వాళ్ల మొహాల మీద పడుతుంది, మన నీడ వెనక్కి, ఊరి వైపు సాగుతుంది. రెండు నిమిషాల్లో ఇసుకంతా బంగారం పూసినట్టు అయిపోతుంది. మనకి తెల్లవారడం అంటే అదే కాబట్టి లోకమంతా అలాగే తెల్లారుతుందనుకుంటాం.

గలిపోలిలో ఆ ఒడ్డు పడమరకి ఉంది. సూర్యుడు కొండ వెనకనుంచి వస్తాడు. పైన ఆకాశం తెల్లబడుతుంది కానీ కొండ మనవైపు ముఖం మాత్రం చాలాసేపు నీలి బూడిద రంగు నీడలోనే ఉండిపోతుంది. ఎక్కేవాళ్లు ఆ నీడలో ఉంటారు. కాపు కాసేవాళ్లు ఆకాశానికి ఎదురుగా, అంచు మీద నల్లటి చుక్కల్లా ఉంటారు. ఎరుపు లేదు, బంగారం లేదు. లండన్ స్టూడియోలో కూర్చుని ఊహించి వేసుంటే తొంభై పాళ్లు ఎర్రటి సూర్యోదయం వేసేవాడు, పత్రికల వాళ్లకీ అదే నచ్చేది. వెళ్లి కూర్చున్నాడు కాబట్టి వేయలేదు. ఇది నా లెక్క, కాదనేవాళ్లు ఉంటే రాయండి.

ఇంకో చోటు గురించి చెప్పాలి. నెక్ అని, రెండు లోయల మధ్య సన్నటి మెడలాంటి గట్టు. 1915 ఆగస్టు 7న ఆస్ట్రేలియా గుర్రపుదళం వాళ్లని, గుర్రాలు లేకుండా, వరస తర్వాత వరసగా నాలుగుసార్లు అక్కడ మరతుపాకుల మీదికి తోలారు. మూడు టెన్నిస్ కోర్టులంత జాగా. 1919లో బీన్ వెళ్లేసరికి ఆ జాగాలో మూడొందల మందికి పైగా ఎముకలు పైనే పడి ఉన్నాయి, నాలుగేళ్లుగా ఎవరూ ఎత్తలేదు. లాంబర్ట్ అక్కడ కూడా తెల్లవారుజామునే కూర్చున్నాడు. నక్కలు కూస్తున్నాయని, ఆ మసక వెలుతురులోనే ఎముకలు తెల్లగా కనబడుతున్నాయని ఉత్తరంలో రాశాడు. ఆ బొమ్మ 1924లో పూర్తయింది.

మీరు చూసింది 1922లో పూర్తయిన పెద్ద బొమ్మ, మూడున్నర మీటర్ల వెడల్పు ఉంటుంది. గుర్తు చేసుకోండి, దూరం నుంచి చూస్తే కొండే కదా కనబడింది? మట్టి రంగూ మనుషుల బట్టల రంగూ ఒకటే. దగ్గరికి వెళితే తప్ప మనుషులు విడిపడరు, వెళ్లాక చూస్తే చీమల్లా పాకుతుంటారు, ఒకడు పడిపోతుంటాడు, పక్కవాడు చూడడు, ఎక్కుతూనే ఉంటాడు. మధ్యలో కత్తి ఎత్తి నిలబడ్డ వీరుడు ఒక్కడూ లేడు. వానకి కోసుకుపోయి వింత ఆకారంలో నిలబడ్డ గట్టు ఒకటుంటుంది, అంతకుముందు ఈజిప్టులో ట్రైనింగయిన కుర్రాళ్లు దానికి స్ఫింక్స్ అని పేరు పెట్టుకున్నారు.

మన శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారు చందమామకి ఎన్ని పురాణాల బొమ్మలు వేశారో, మీరు ద్వాపరయుగంలో ఉన్నారా అని ఆయన్ని అడగలేదు మనం. పురాణం వేరు చరిత్ర వేరు అంటారు మీరు, అనండి. కానీ కొండ ఎంత నిటారుగా ఉంది, ఆ వేళప్పుడు వెలుతురు ఎటునుంచి వచ్చింది, మనిషి ఎంత చిన్నగా కనబడ్డాడు, ఈ మూడింటికీ లాంబర్ట్ సాక్ష్యం కోర్టులో నిలబడుతుంది. ఆ పూట పక్కవాడు ఎటు పడ్డాడు అన్నదానికి నిలబడదు. దానికి బీన్ పుస్తకం ఉంది.

ప్రశ్న: మాష్టారూ, మాది రాజాం దగ్గర పల్లె. ఒక పోటీకి తాండ్ర పాపారాయుడి బొమ్మ వేశాను. నెల రోజులు కష్టపడ్డాను. తలపాగా రంగు ఎర్రగా వేశావు, అప్పుడలా ఉండేది కాదు అని జడ్జి పక్కన పెట్టేశారు. మరెలా ఉండేదో చెప్పమంటే ఆయన చెప్పలేదు. నాకు చాలా బాధేసింది. (రాజాం)

జవాబు: తమ్ముడూ, ఎలా ఉండేదో చెప్పకుండా తప్పని చెప్పిన జడ్జి గురించి నేనేమీ అనను, ఆయనకీ ఇల్లూ వాకిలీ ఉంటాయి. నీకు ఒక ఓదార్పు చెబుతాను. పైన టీచరు గారు చూసొచ్చిన బొమ్మ ఉందే, అంత గొప్ప బొమ్మలోనూ తలమీదే తప్పుంది. లాంబర్ట్ తన సైనికులకి అంచు వెడల్పుగా ఉండే టోపీలు పెట్టాడు, స్లౌచ్ హ్యాట్ అంటారు. దిగిన రోజున ఎక్కువమంది పెట్టుకున్నది అది కాదు, ముందు చిన్న మూతి ఉండే పీక్ క్యాపు. బీన్ అదే రోజు అక్కడ దిగినవాడు కాబట్టి ఆయనకి తెలుసు. బొమ్మ వేసేనాటికి ఆ వెడల్పు టోపీ ఆస్ట్రేలియా సైనికుడికి గుర్తయిపోయింది, అది లేకపోతే జనం మనవాళ్లే అని పోల్చుకోరు అనుకున్నాడో, లేక ఆ వంపు బొమ్మలో బాగా కూర్చుందో.

నన్నడిగితే లాంబర్ట్‌ది తప్పే. వెలుతురు కోసం అంత చలిలో లేచి వెళ్లిన మనిషి టోపీ దగ్గర రాజీ పడ్డాడు, నేనైతే క్యాపులే వేసేవాణ్ణి. అయినా ఆ బొమ్మని పక్కన పెట్టలేదు ఎవరూ, ఎందుకంటే కొండ కరెక్టు.

ఇప్పుడు నీ బొమ్మకొద్దాం. ఫోటో పంపావు, చూశాను. తలపాగా ఎరుపు మీద నాకేం ఫిర్యాదు లేదు. కానీ వెనకాల కోట వేశావు చూడు, గోల్కొండ లాగా పెద్ద పెద్ద రాళ్లు, బురుజులు. అది తప్పు. బొబ్బిలి పాత కోట మట్టికోట. చుట్టూ అడవి. అది తెలుసుకోవడానికి నువ్వు టైమ్ మిషన్ ఎక్కక్కర్లేదు, యుద్ధం గురించి రాసిన పాత పుస్తకాల్లోనే ఉంది. నేను చూసిన బొబ్బిలి బొమ్మల్లో దాదాపు అన్నిట్లోనూ ఈ రాతికోటే, సినిమాలు, క్యాలెండర్లు చూసి చూసి కళ్లకి పట్టేసింది. జడ్జి తలపాగా చూశాడు గానీ కోట చూడలేదు, పైగా ఆయనకి అదే నచ్చి ఉంటుంది. తెలుసుకోవడానికి దారిలేని చోట నీ బొమ్మకి ఏది కుదిరితే అది వెయ్యి. తెలిసే వీలున్న చోట బద్ధకించకు. మట్టి గోడకి ఫిరంగి గుండు తగిలితే రాయిలా పగలదు, దిగబడుతుంది, దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ము వేసి చూడు, బొమ్మ ఎలా మారుతుందో.

ప్రశ్న: నేను డిగ్రీ సెకండ్ ఇయర్. బొబ్బిలి మా ఊరే. మీరు రాసింది చదివి యుద్ధ స్తంభం దగ్గరికి స్కెచ్ బుక్ పట్టుకుని వెళ్లాను. స్తంభం, చుట్టూ పిచ్చిమొక్కలు, అవతల ఇళ్లు, కరెంటు తీగలు, ఎవరిదో మేక. రెండు గంటలు కూర్చున్నాను. యుద్ధం ఎక్కడా కనబడలేదు. నన్ను చూసి జనం నవ్వారు కూడా. ఏం గీయమంటారు సార్? (బొబ్బిలి)

జవాబు: మేకని గీయవలసింది తల్లీ. సీరియస్‌గానే అంటున్నాను.

నువ్వు పడ్డ కంగారే లాంబర్ట్ కూడా పడ్డాడు. గలిపోలి కొండలు ఏమీ పట్టనట్టు, రాయిలా మౌనంగా కూర్చున్నాయని ఆయన ఉత్తరాల్లో వాపోయాడు. అన్ని వేల మంది చచ్చిన చోట పొదలు మళ్లీ చిగురించాయి, పక్షులు అరుస్తున్నాయి. ఆస్ట్రేలియా వాళ్లే ఎనిమిది వేల మందికి పైగా, టర్కీ వాళ్లు 80 వేలకి పైగా పోయిన యుద్ధం అది, కొండకి ఆ లెక్క తెలియదు. నీకు రెండు గంటల్లో యుద్ధం కనబడలేదంటే చోటు తప్పేం కాదు, వేళ తప్పు. ఎప్పుడు వెళ్లావు, మధ్యాహ్నం కదా? స్కెచ్‌లో నీడలన్నీ స్తంభం కాళ్ల దగ్గరే పోగుపడి ఉన్నాయి, దాన్నిబట్టి చెబుతున్నాను.

బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు, విజయనగరం విజయరామరాజు సేన ఒకవైపు, కోటలో రంగారాయుడు వాళ్లు ఇంకోవైపు. తెల్లవారుతూనే మొదలైంది. అంటే నీకు కావలసింది జనవరి పొద్దు. సంక్రాంతి వెళ్లిన వారం పదిరోజుల్లో, మన వైపు మంచు ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా, పది గజాల అవతల తాటిచెట్టు ఉందో లేదో తెలియదు, గడ్డిమీద చేయి పెడితే తడిసిపోతుంది, పొగ పైకి లేవదు, నేలబారున పాకుతుంది. ఫిరంగి పొగ కూడా అలాగే పాకి ఉండాలి కదా? ఎదురుగా ఎవడున్నాడో తెలియక తడుముకుని ఉండాలి కదా? ఇది ఏ సినిమాలోనూ చూపించరు, అందులో అన్నీ మిట్టమధ్యాహ్నం ఎండలోనే జరుగుతాయి.

జనవరి దాకా ఆగు. ఈలోపు సాధన చెయ్యి. పెద్ద కాన్వాసు వద్దు. లాంబర్ట్ కూడా అక్కడ వేసినవి చిన్న చిన్న చెక్క పలకల మీదే, పెద్ద బొమ్మ తర్వాతెప్పుడో స్టూడియోలో. నువ్వు వడ్రంగి షాపుకి వెళ్లి నోటుబుక్కంత ప్లైవుడ్ ముక్కలు అడుగు, ఊరికే ఇచ్చేస్తారు. ఉప్పుకాగితంతో రుద్ది, రెండు పూతలు ప్రైమర్ కొట్టి, తెల్లగా వదిలెయ్యకుండా పల్చగా గోధుమ రంగు పూసి ఆరబెట్టు. తెల్ల పలక మీద తెల్లవారుజాము రంగులు వేస్తే అన్నీ ముదురుగా కనబడి మోసపోతావు, నేను పదేళ్లు మోసపోయాను. మొదటి రోజు పొద్దున గీత మాత్రమే, నేల ఎక్కడ లేచింది, ఎక్కడ దిగింది, చెరువు ఎటుంది. రెండో రోజు రంగులు కలపడం మాత్రమే. ఎందుకంటే ఆ వెలుతురు నీకోసం ఆగదు, పట్టుమని ఇరవై నిమిషాలు, తర్వాత అది ఇంకో బొమ్మ. పలక వెనకాల తేదీ, టైము రాసిపెట్టు. అప్పుడే మనుషుల్ని వెయ్యకు. మనుషులు ఇంటికొచ్చాక. మీ తమ్ముడి చేత బియ్యం బస్తా మోయించి మేడమెట్లు ఎక్కించు, నాలుగో మెట్టు దగ్గర వాడి మోకాలు ఎలా వంగిందో చూసి గీసుకో. యుద్ధంలో మనిషి అలాగే ఉంటాడు, కత్తి తిప్పుతూ కాదు.

జనం నవ్వడం గురించి రాశావు కాబట్టి నా గోడు కూడా విను. చాలా ఏళ్ల కిందట విజయనగరంలో ఒక పెద్దమనిషి తన హాలు గోడ మీద పద్మనాభ యుద్ధం వెయ్యమన్నాడు. అది 1794 జూలై 10. చిన్న విజయరామరాజు కంపెనీ సేనతో పోరాడి అక్కడే ప్రాణం విడిచిన రోజు. నేను జూలైలోనే పద్మనాభం వెళ్లి, గోస్తనీ ఒడ్డున తడిసి ముద్దై, మబ్బు పట్టిన ఆకాశం, నానిన ఎర్రమట్టి, రంగు దిగిపోయిన కొండ, అన్నీ చూసుకొచ్చి వేశాను. ఆయనొచ్చి చూసి, ఇదేటండీ ఇంత డల్లుగా ఉంది, పైన సూర్యుణ్ణి పెట్టండి అన్నాడు. పెట్టాను. ఇంట్లో పెళ్లి ఖర్చులున్నాయి, పెట్టక ఏం చేస్తాను. సూర్యుణ్ణి పెట్టాక నీడలు లేవేంటి అన్నాడు, నీడలు కూడా పెట్టాను. సగం డబ్బులు ఇంకా రావాలి. ఆ హాలు ముందునుంచి వెళ్లినప్పుడల్లా జూలై నెలలో ఎండ కాస్తున్న ఆ గోడ చూసి తల తిప్పుకుంటాను. నిన్ను చూసి నవ్వినవాళ్లు డబ్బులివ్వాల్సిన వాళ్లు కారు, అదృష్టవంతురాలివి.

స్తంభం గీయాలా వద్దా అని చివర్లో అడిగావు. ఇవాళ్టి బొబ్బిలి వేస్తే స్తంభం, తీగలు, మేక మూడూ ఉండాల్సిందే. 1757 వేస్తే మూడూ ఉండకూడదు. రెండూ కలిపితే మాత్రం పోస్టరైపోతుంది.

ప్రశ్న: ఇరవై రెండేళ్లు ఆర్మీలో చేసి వచ్చాను. మా ఊళ్లో ఇంటికో ఫౌజీ ఉంటాడు. గలిపోలి గురించి మాట్లాడితే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అంటారు గానీ మనవాళ్ల ఊసెత్తరు. మనవాళ్లు లేరా అక్కడ? (ఆమదాలవలస)

జవాబు: లేకపోవడమేంటి సార్, 16 వేల మంది దాకా వెళ్లారు. ఏప్రిల్ 25 పొద్దున్నే ఆ ఒడ్డు మీద దిగిన మొదటి ఫిరంగులు మన 26వ జాకబ్స్ మౌంటెన్ బ్యాటరీవి, అంటే కొండ ఫిరంగుల దళానివి. ఫిరంగిని ముక్కలుగా విప్పి కంచరగాడిదల మీద వేసుకుని కొండ ఎక్కించేవారు, పైన మళ్లీ బిగించి పేల్చేవారు. ఆ బ్యాటరీల్లో ఎక్కువమంది పంజాబు వైపు సిక్కులు, ముస్లిములు. కంచరగాడిదల దళం వాళ్లు రాత్రిపూట నీళ్లు, తూటాలు మోసుకెళ్లి పైన ఇచ్చి వచ్చేవారు, ఆ నీళ్లు లేకపోతే ఆ కొండ మీద ఎవరూ రెండో రోజు చూసేవారు కాదు. గాడిద మీద గాయపడ్డవాళ్లని మోసిన సింప్సన్ అని ఆస్ట్రేలియా వాళ్లకి ఒక పెద్ద వీరుడున్నాడు, ఆయన బస మనవాళ్ల క్యాంపులోనే. జూన్ 4న ద్వీపకల్పం దక్షిణాన జరిగిన దాడిలో 14వ సిక్కు పటాలంలో సగం మందికి పైగా నేలకొరిగారో గాయపడ్డారో. ఆగస్టులో ఆరో గూర్ఖాలు శిఖరం అంచుదాకా వెళ్లగలిగారు.

లాంబర్ట్ బొమ్మ ఆస్ట్రేలియా ప్రభుత్వం డబ్బులిచ్చి వేయించుకున్నది, అందులో వాళ్ల కుర్రాళ్లే ఉంటారు. తప్పు పట్టను. మనవాళ్ల కంచరగాడిదల వరస కొండ మలుపు తిరుగుతున్న బొమ్మ వేయాల్సింది మనం. మీలాంటివాళ్లు ఎవరైనా పక్కన కూర్చుని, బరువు వేశాక గాడిద వీపు ఎలా కుంగుతుందో, లగేజీ తాడు ఎక్కడ బిగిస్తారో చెబితే నేనే మొదలుపెడతాను. మీ ఫోన్ నంబరు ఆఫీసులో తీసుకున్నాను.

ప్రశ్న: ఇంత గొడవెందుకు సార్, తెల్లారి ఫోన్లో ఫోటో తీసుకుని ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని వేసుకోవచ్చు కదా? (విజయనగరం)

జవాబు: లాంబర్ట్ బృందంలో హ్యూబర్ట్ విల్కిన్స్ అని మంచి ఫోటోగ్రాఫరే ఉన్నాడు. కావలసినన్ని ఫోటోలు తీశాడు. అయినా ఆ పెద్దమనిషి పెట్టె మోశాడు.

కారణం చాలా చిన్నది. నేను పద్మనాభం కొండని పొద్దున్నే ఫోన్లో తీస్తే నీడలన్నీ నల్లగా ముద్దకట్టేస్తాయి, లేదా ఫోనే తెలివితేటలు చూపించి నీడల్ని తెల్లగా చేసేస్తుంది, మబ్బుని నీలం చేసేస్తుంది. కంటికి ఆ నీడలో మూడు నాలుగు రంగులు కనబడతాయి, ఊదా, బూడిద, తడి మట్టి, ఎక్కడో కాస్త పచ్చ. ఫోటోలో అవి ఉండవు. ఇంటికెళ్లి ఫోటో చూసి వేసినవాడు ఫోన్ వేసిన బొమ్మకే నకలు వేస్తున్నాడు. కాబట్టి ముందు పలక మీద రంగు పెట్టు, ఆ తర్వాత కావలిస్తే ఫోటో తీసుకో, చెట్ల కొమ్మలు గుర్తుండటానికి పనికొస్తుంది.

వెళ్లేటప్పుడు ఫ్లాస్కులో టీ, దోమలకి ఏదైనా, తల మీదికి ఒక టోపీ పట్టుకెళ్లు, మంచు దిగుతుంది. ఏ రకం టోపీ అని నిన్నెవరూ అడగరులే.